పట్టుకొనబోగా లేని దోషము

ఈ వారము నాకు మిక్కిలి చికాకు కలిగించినది మా వీధికి కూరగాయలు తెచ్చు పికప్ బండి సంగతి. కొన్ని ఉదయములు తాళము తిప్పినంతనే ఇంజను లేచును. కొన్ని ఉదయములు టక్కుమను ఒక్క శబ్దముతో సరి. ఒక వర్క్‌షాపువారు బ్యాటరీ మార్చిరి; కొన్నాళ్లు బాగుగా నడిచి మరల మొండికేసెను. వేరొకచోట సెల్ఫ్ మోటారు మార్చిరి. మరల అదే వరుస. చూడక, కొలవక సామానులు మార్చుట మరమ్మతు కాదని ఈ శీర్షికలో నేను ఎన్నిమారులు వ్రాసితినో పాఠకులెరుగుదురు. మరియొకమారు వ్రాయక తప్పుట లేదు.

కుండకు కారణములెవ్వియని విచారించునపుడు మన తార్కికులు, మట్టి మోసికొనివచ్చిన గాడిదను అన్యథాసిద్ధమని త్రోసివేయుదురు. కుండ పుట్టుటకు ముందు అది అచట నున్నమాట నిజమే, కుండను పుట్టించినది మాత్రము అది కాదు. క్రొత్త బ్యాటరీయు నిట్టిదే. దానిని బిగించువాడు పాత క్లాంపులు విప్పును, టెర్మినళ్లపై పేరుకొనిన తెల్లని పొడిని గీకును, నట్లు గట్టిగా బిగించును. బండి లేచుటకు ఆ గీకుటయే కారణము కావచ్చును. కీర్తి బ్యాటరీకి దక్కును, సొమ్ము యజమానికి పోవును.

ఏమరినవానిని మీటరు కూడ మోసగించును. విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. ఒక్క పోగు మాత్రమే మిగిలిన కేబులు చివర కొలిచినను అదే 12.6 కనబడును, ఏలయన మీటరు కోరు విద్యుత్తు అత్యల్పము. సెల్ఫ్ మోటారు కోరునది 200 ఆంపియర్లు. అప్పుడు ఓములో నూరవ వంతు నిరోధమున్నను 2 వోల్టులు దారిలోనే హరించిపోవును. కావున బ్యాటరీ నెగెటివ్ మొనకును ఇంజను దిమ్మకును మధ్య మీటరు పెట్టి, సెల్ఫ్ కొట్టించుచుండగా చూడవలెను. అర వోల్టు కనబడినచో ఎర్తు చెడినదనియే అర్థము.

ఎర్తు అనగానే, యౌవనమున విజయవాడ ఆటోనగరులో నేనెరిగిన ఒక వృద్ధ ఎలక్ట్రీషియను తలపునకు వచ్చును. ఆయన మీటరు తీయుటకు ముందు డ్రైవరును బల్లపై కూర్చుండబెట్టి, "ఎప్పుడు కొట్టడం లేదయ్యా? పొద్దున్నేనా, బండి వేడెక్కాకా, వానకి తడిశాకా?" అని తీరికగా అడిగెడివాడు. పిమ్మట హెడ్‌లైట్లు వేయించి తాళము తిప్పించెడివాడు. వెలుగు ఒక్కమారుగా ఆరిపోయినచో బ్యాటరీ మొనల వద్ద వెదకెడివాడు. చెక్కుచెదరక నిలిచినచో సొలినాయిడు కాంటాక్టులను, ఇంజను ఎర్తును అనుమానించెడివాడు. ఒకనాడొక వ్యాను డ్రైవరు, సెల్ఫ్ కొట్టినపుడెల్ల యాక్సిలరేటరు కేబులు కాలుచున్నదని చెప్పగా, ఆయన మరి దేనిని చూడక బండి క్రిందికి దూరెను. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండును; దానిని ఛాసిస్‌తో కలుపునది అల్లిక రాగిపట్టీ. అది తెగినచో అంత విద్యుత్తును సన్నని కేబుళ్లనే దారిగా చేసికొని వాటిని కాల్చును. ఆ డ్రైవరు నోట వచ్చిన ఒక్క వాక్యము గంటసేపటి పరీక్షను తప్పించెను.

మా వీధి డ్రైవరును నేనట్లే అడిగితిని. గుంతల దారిన తిరిగిన మరునాడే బండి లేవదని అతడు చెప్పెను. కాని ఎలక్ట్రీషియను వద్దకు పోయినపుడు అది చక్కగా లేచెను, కొలతలన్నియు సరిగానే వచ్చెను. నా సిద్ధాంతము ప్రకారము దోషము మరల పొడసూపువరకు వేచి, అప్పుడే కొలువవలెను. ఆ అప్పుడు అనగా తెల్లవారుజాము మూడు గంటలకు, టమాటా బుట్టలతో రైతుబజారుకు బయలుదేరవలసిన వేళ! తోసి లేపుటకు వీలుగా రోజూ బండిని పల్లమున నిలుపుకొను మనిషిని ప్రమాణము కొరకు అచట నిలిచిపొమ్మని ఏ నోటితో చెప్పగలము?

ఎలక్ట్రీషియను పట్టీని తడవిచూచి, "మార్చేద్దామండీ" అనెను. మార్చుమనియే నేనును చెప్పితిని. ఛాసిస్‌పై రంగును లోహము మెరయునంతవరకు గీకించి, క్రొత్త పట్టీ బిగించితిమి. ఇక బండి లేచుచున్నను, అది పట్టీ గుణమో గీకుట గుణమో నేను నిరూపింపజాలను. బ్యాటరీ మార్చెదనను వానిని ఇకమీదటను ప్రమాణము అడుగుదును, ఏలయన దాని వెల ఆ డ్రైవరుకు ఎన్నో దినముల రాబడి. పట్టీ మార్చువానిని అడుగను. వర్షములు వెళ్లువరకు బండిని పల్లముననే నిలుపుమని మాత్రము డ్రైవరుతో చెప్పియున్నాను.