పేరు, వేషం, రేఖ: ఆధునిక మెక్సికో చిత్రకళలో అజ్‌టెక్ దేవతల వస్త్రధారణ

వ్యాససంగ్రహం: అజ్‌టెక్ పురాణగాథలో వస్త్రం దేవతకు అలంకారం కాదు, గుర్తింపు. ఈ సంగతిని గ్రహించడంలో, విస్మరించడంలో ఇరవయ్యో శతాబ్ది మెక్సికో చిత్రకారుల మధ్య కనిపించే భేదాన్ని సతుర్నీనో ఎర్రాన్, హెసూస్ ఎల్గేరా, దియేగో రివేరాల చిత్రాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోవాత్లీక్వే, కోడెక్స్ మెండోసా, వస్త్రధారణ, క్యాలెండర్ చిత్రకళ.

1. వేషమే పేరైన దేవతలు

అజ్‌టెక్ పురాణగాథను గీయబూనిన చిత్రకారునికి మొదటి చిక్కు దేవతల పేర్లలోనే ఎదురవుతుంది. నావాత్ల్ భాషలో కోవాత్లీక్వే అంటే పాములు లంగాగా గలది. నీటి దేవత చాల్చివ్‌త్లీక్వే జేడ్ రాయి లంగాగా గలది. సిత్లాలీక్వేకు నక్షత్రాలే లంగా. కొయోల్షౌకి అన్న పేరు చెంపల మీది గంటల అలంకరణను చెబుతుంది. తెలుగు పాఠకునికి ఈ పదనిర్మాణం కొత్తగా తోచదు. పీతాంబరుడు, కృత్తివాసుడు వంటి బహువ్రీహి సమాసాలు దీనికి మిక్కిలి దగ్గరివి. అయితే పీతాంబరుడు విష్ణువుకున్న అనేక నామాలలో ఒకటి. పట్టువస్త్రం మార్చినా శంఖచక్రాలుంటే విష్ణువును గుర్తుపట్టవచ్చు. కోవాత్లీక్వేకు ఆ వెసులుబాటు లేదు. పాముల లంగా తొలగితే ఆమె పేరే తొలగిపోతుంది.

దీని వెనుక ఒక మతభావన ఉంది. దేవత వేషాన్ని ధరించిన మనిషినీ, ఆ వేషం తొడిగిన పిండిబొమ్మనూ, రాతినీ నావాత్ల్ భాషలో 'ఇషిప్త్లా' అన్న ఒకే మాటతో వ్యవహరించారు. 1958లో డెన్మార్క్ పండితుడు ఆరిల్డ్ విట్‌ఫెల్ట్ ఈ మాటపై ప్రత్యేక గ్రంథం రచించాడు. వేషం పూర్తయిన చోట దేవత సన్నిధి ఏర్పడుతుందన్నది దీని సారం. బెర్నార్దినో దె సాఆగున్ తెపెపుల్కో పెద్దలను విచారించి సేకరించిన తొలి రాతల్లో దేవతల వర్ణన పద్ధతి కూడా ఇదే చెబుతుంది. అక్కడ గుణగానం లేదు, కథాకథనం లేదు. ముఖానికి పూసిన రంగు, కాగితపు కిరీటం, చెవి ఆభరణం, డాలు, చెప్పులు, ఇలా ఒక్కొక్క వస్తువు లెక్కగా వస్తుంది. ఈ జాబితాను ప్రాచీన చిత్రకారుని పనిముట్టుగా చదవడం అన్ని విధాలా సమంజసం.

కథలో సైతం వేషం పాత్ర వహిస్తుంది. పాముకొండ మీద ఊడుస్తున్న కోవాత్లీక్వే, పై నుంచి రాలిన ఈకల ఉండను నడుము దగ్గర దాచుకొని గర్భవతి అవుతుంది. అవమానంగా భావించిన కూతురు కొయోల్షౌకి, నాలుగువందల మంది తమ్ముళ్లతో కలిసి తల్లిని చంపబోతుంది. ఆ క్షణాన విత్సిలొపొచ్‌త్లి డాలుతో, ఆయుధాలతో, ముఖానికి రంగుతో పుట్టి వారిని సంహరిస్తాడు. అంతటితో కథ ముగియదు. ఓడిన అన్నల అలంకారాలను ఒలిచి తాను ధరించి, తన చిహ్నాలుగా చేసుకుంటాడు. విజయం పూర్తయ్యేది ఆ ధారణతోనే. యుద్ధాన్ని గీసి ఈ ఘట్టాన్ని వదిలేసే చిత్రకారులు కథలో సగమే గీస్తున్నారు.

2. ఎర్రాన్: దేవతకు దక్కినది, భక్తులకు దక్కనిది

కోవాత్లీక్వే మహాశిల్పం 1790 ఆగస్టు 13న మెక్సికో నగర ప్రధాన కూడలిలో బయల్పడింది. ఎత్తు రెండున్నర మీటర్లకు పైనే. 1792లో దానిపై గ్రంథం ప్రకటించిన లెయోన్ ఇ గామా ఆమెను వేరొక దేవతగా భావించాడు. తరువాతి పండితులు పాముల లంగాను ఆధారం చేసుకొనే కోవాత్లీక్వే అని నిర్ణయించారు. రాతికి పేరు పెట్టింది దాని బట్టే.

సతుర్నీనో ఎర్రాన్ (1887–1918) ఈ రాతిని చిత్రకారుని కళ్లతో చూశాడు. జాతీయ నాటకశాల కోసం తలపెట్టిన 'మన దేవతలు' చిత్రమాలికలో ఒకవైపు స్థానికులు, మరొకవైపు స్పెయిన్ వారు, నడుమ కోవాత్లీక్వే. ఆ దేవతలో శిలువపైనున్న క్రీస్తు దేహాన్ని లీనం చేసి గీశాడు. అకాలమరణంతో చిత్రమాలిక అసంపూర్ణంగా మిగిలినా, నడిమి భాగానికి గీసిన రేఖాచిత్రం అతని ఆలోచనను స్పష్టంగా చూపుతుంది. దేవతను అందమైన స్త్రీగా మార్చే సులువైన దారిని అతడు పట్టలేదు. శిల్పపు రాతి బరువును, భయానకతను రేఖలో నిలిపాడు. అందువల్లనే క్రీస్తుతో సంగమం బలంగా కుదిరింది. ఒకటి గాయపడిన దేహం, మరొకటి గాయాలనే ధరించిన దేహం. చేతులు, గుండెలు, పుర్రె కూర్చిన హారం ఆ శిల్పానిది.

విమర్శకులు అంతగా పట్టించుకోవలసిన లోపం పక్క భాగంలో ఉంది. నైవేద్యాలు తెచ్చే స్థానికులు దాదాపు నగ్నులు. సన్నని, వంపులు తిరిగిన దేహాలు. దేవతకు పురావస్తు శాస్త్రం నుంచి తెచ్చిన వేషం దక్కితే, భక్తులకు ఐరోపా కళాశాలల నగ్నదేహాభ్యాసమే దక్కింది.

3. క్యాలెండర్ ప్రేయసీప్రియులు

ఎర్రాన్ చిత్రంలో పక్కకు ఒదిగిన ఈ లోపం హెసూస్ ఎల్గేరా (1910–1971) చేతిలో ప్రధాన లక్షణమైంది. స్పెయిన్‌లో చిత్రకళ అభ్యసించి 1938లో మెక్సికోకు తిరిగివచ్చిన ఎల్గేరా, ముద్రణాలయాల కోసం గీసిన క్యాలెండర్ చిత్రాలు దేశమంతటా గోడలకెక్కాయి. పొపొకాతెపెత్ల్, ఇస్తాక్సివాత్ల్ అనే రెండు పర్వతాల ప్రేమగాథకు అతడిచ్చిన రూపమే నేటికీ ప్రజల కళ్లలో ఉంది: పెద్ద ఈకల కిరీటంతో కండలు తిరిగిన వీరుడు, పలుచని తెల్లబట్టలో స్పృహలేని యువతి, వెనుక మంచుకొండలు.

తెలుగు ఇళ్లలో రవివర్మ ముద్రణ చిత్రాలు చేసిన పని ఇదే కదా అన్న వాదం రావచ్చు. రవివర్మ దేవతలకు తన కాలపు చీర కట్టించిన మాట నిజం. కాని చీర మారినా లక్ష్మికి తామర, సరస్వతికి వీణ మిగిలాయి. అంతేగాక ఆ చీరను చూసేవారి ఇంటి స్త్రీలూ కట్టేవారు. ఎల్గేరా నాయిక ధరించిన బట్టను ఏ నావా స్త్రీ కట్టినట్టు ప్రాచీన చిత్రాల్లో ఆధారం లేదు. వారి వస్త్రం చుట్టులంగా, దానిపై విపీల్ అనే వదులైన పైవస్త్రం. నడుముకు కట్టుకొనే మగ్గంపై నేసిన బట్టను కత్తిరించకుండా అంచులు కలిపి కుట్టేవారు. దేహపు వంపులను చూపే ఉద్దేశం ఆ కుట్టులో లేదు.

ఇంకొక పోలిక ఈ లోటును మరింత తెలియజేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రపరచిన కోడెక్స్ మెండోసాలో ఒక వివాహదృశ్యం ఉంది. చాపపై కూర్చున్న వధూవరుల పైవస్త్రాల కొసలు ముడివేసి ఉన్నాయి. కొంగుముడి ఎరిగిన పాఠకునికి వ్యాఖ్యానం అక్కరలేదు. స్త్రీపురుష బంధాన్ని రెండు బట్టల ముడితో చెప్పగలిగిన సంప్రదాయం చేతికందేంత దూరంలో ఉండగా, క్యాలెండర్ ఆ బట్టలనే విప్పి ప్రేమను చూపబోయింది. ఎల్గేరా చిత్రణ నైపుణ్యాన్ని కాదనలేము. వెలుగునీడల మీద అతని పట్టు గట్టిది. ఆ నైపుణ్యమే పొరపాటును నమ్మదగినదిగా చేసింది.

4. అందరి తలపై ఒకే ఈకలు

వియన్నా ప్రదర్శనశాలలోని కెట్సాల్ ఈకల శిరోభూషణాన్ని మోక్తెసూమా కిరీటమని లోకం పిలుస్తుంది. అతడు ధరించాడనడానికి ఆధారం లేదు. 1596 నాటి ఆస్ట్రియా జాబితాలో అది 'మూర్ల టోపీ'గా నమోదైంది. కోడెక్స్ మెండోసాలో రాజుల తలపై కనిపించేది ఫిరోజా రంగులో ముందుకు మొనదేలిన చిన్న కిరీటం. రివేరా జాతీయ భవన కుడ్యచిత్రంలో కెట్సాల్‌కోవాత్ల్‌కు ఆకుపచ్చ ఈకల మహాశిరోభూషణాన్ని ఇచ్చాడు. 'ఈకలుగల సర్పం' అన్న పేరుగల దేవునికి అది తగినదే. అదే ఈకల గుచ్ఛం పేరులేని ప్రతి వీరుని తలకూ, నేటి కంప్యూటర్ ఆటల పాత్రలకూ చేరినప్పుడు చిక్కు మొదలవుతుంది. అదే కోడెక్స్‌లో యోధుడు ఎందరు శత్రువులను బంధించాడో అతని దుస్తులే చెబుతాయి: ఒకరిని బంధిస్తే పూల అల్లికల దుప్పటి, నలుగురిని బంధిస్తే జాగ్వార్ చర్మపు రూపంలోని తొడుగు. అందరికీ ఒకే ఈకలు తొడిగితే ఈ లెక్క చెరిగిపోతుంది.

ఈ విమర్శ చారిత్రక కచ్చితత్వం కోసం మాత్రమే చేస్తున్నది కాదు. ఎర్రాన్ క్రీస్తును కోవాత్లీక్వేలో లీనం చేయడం చరిత్ర రీత్యా అసంభవం, కళగా సఫలం. వేషం ఏమి చెబుతుందో తెలిసి మార్చడం వేరు, అది ఏదో చెబుతుందన్న ఎరుకే లేకుండా వదిలేయడం వేరు.

కెచ్కెమిత్ల్ అనే మరొక పైవస్త్రం సంగతి ఇక్కడ ప్రస్తావించదగినది. రెండు దీర్ఘచతురస్రపు బట్టలను కలిపి కుట్టితే కొసలు ముందు, వెనుక త్రికోణంగా వేలాడుతాయి. 1981లో వెలువడిన గ్రంథంలో పట్రీషియా అనావాల్ట్, అజ్‌టెక్ చిత్రాల్లో ఈ వస్త్రం ప్రధానంగా దేవతలపైనా, వారి వేషం ధరించిన వారిపైనా కనిపిస్తుందని నిరూపించింది. నేడు ప్యూబ్లా రాష్ట్రపు ఉత్తర కొండల్లో, క్వెత్సాలాన్ ప్రాంతపు నావా స్త్రీలు పలుచని తెల్లని అల్లికతో దీనిని నేసి, పండుగకూ సంతకూ ధరిస్తున్నారు. ఎల్గేరా క్యాలెండర్ వేలాడే గోడ కింద ఆ వస్త్రాన్ని నేస్తున్న స్త్రీకి, ఆ చిత్రంలో తన పూర్వికురాలి బట్ట కనిపించదు.