పట్టికకూ చనువుకూ నడుమ ఒక కోచ్

అమెరికా విశ్వవిద్యాలయంలో మహిళా ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌గా ఉండడమంటే, కట్టిన జట్టును ఏటా కొంత పోగొట్టుకుంటూ మళ్లీ కట్టుకోవడం. అక్కడ సాకర్‌గా పిలిచే ఈ ఆటలో విద్యార్థినికి కళాశాల తరఫున ఆడే అర్హత సాధారణంగా నాలుగు సీజన్లకే పరిమితం కావడంతో, ఎంతటి క్రీడాకారిణి అయినా పట్టా పుచ్చుకుని వెళ్లిపోక తప్పదు. ఆ ఖాళీని నింపడానికి హైస్కూల్లో చదివే అమ్మాయిలను ఊరూరా వెతికి, ఉపకార వేతనం చూపి, తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చుకునే పనిని రిక్రూటింగ్ అంటారు. పోటీలు ఆగస్టులో మొదలై డిసెంబరుకల్లా ముగుస్తాయి. ఆ నెలల్లోనూ చదువు దెబ్బతినకుండా సాధన వారానికి 20 గంటలు మించరాదన్న నియమం ఉంది. ఇంత తక్కువ వ్యవధిలో, ఇంత త్వరగా చేజారిపోయే మనుషులతో ఒక జట్టును దశాబ్దాల పాటు అగ్రస్థానంలో నిలపడం ఎలాగన్న ప్రశ్నకు 45 సీజన్ల పాటు మైదానంలోనే జవాబు చెప్పిన కోచ్ ఆన్సన్ డోరన్స్. ఆ జవాబులో నేర్చుకోదగినది ఎంత ఉందో, జాగ్రత్తపడవలసినదీ అంతే ఉంది.

డోరన్స్ 1951లో బొంబాయిలో పుట్టారు. తండ్రి చమురు వ్యాపార రంగంలో ఉద్యోగి కావడంతో బాల్యం ఆసియా, ఆఫ్రికా, ఐరోపా ఖండాల మధ్య గడిచింది. ఫుట్‌బాల్ ఆయనకు ఆ ప్రయాణాల్లో అబ్బిన ఆటే గాని అమెరికా నేల నేర్పినది కాదు. నార్త్ కరోలైనా రాష్ట్రంలోని చాపెల్ హిల్ పట్టణంలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు, తత్వశాస్త్రం చదివి, అక్కడి పురుషుల జట్టులో ఆడి, 1974లో పట్టభద్రులయ్యారు. ఆ తరువాత న్యాయశాస్త్రం చదువుతుండగా 1977లో పురుషుల జట్టు బాధ్యత వచ్చిపడింది. 1979లో మహిళల జట్టు ఏర్పడగానే అదీ ఆయన చేతికే వచ్చింది. 1988 దాకా రెండు జట్లనూ నడిపి, ఆపైన మహిళల జట్టుకే అంకితమయ్యారు. న్యాయవాద వృత్తి మాట అటుంచితే, ఆ రోజుల్లో మహిళా ఫుట్‌బాల్ శిక్షణ ఒక వృత్తి కాగలదని నమ్మినవారే అరుదు.

ఆ నమ్మకానికి చట్టం దారి వేసింది. 1972లో అమెరికా చేసిన విద్యా చట్ట సవరణల్లో టైటిల్ నైన్‌గా ప్రసిద్ధమైన భాగం, కేంద్ర నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్ష కూడదని శాసించింది. ఆ సూత్రం క్రీడలకూ వర్తించడంతో కళాశాలలు అమ్మాయిల కోసం కొత్త జట్లు ఏర్పరచవలసి వచ్చింది. మహిళా కళాశాల క్రీడలను మొదట ఏఐఏడబ్ల్యూ అనే ప్రత్యేక సంఘం నిర్వహించేది. 1981లో ఆ సంఘం జరిపిన ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను డోరన్స్ జట్టే గెలిచింది. మరుసటి ఏడు ఎన్‌సీఏఏ, అంటే కళాశాల క్రీడల జాతీయ సంఘం, మహిళల పోటీని తన చేతుల్లోకి తీసుకున్నాక 1982 నుంచి 2012 దాకా ఆయన జట్టు 21 టైటిళ్లు సాధించింది. వాటిలో 1986 నుంచి 1994 వరకు వరుసగా వచ్చినవే తొమ్మిది. తొలినాళ్లలో పోటీ పలచగా ఉండేదన్న మాట నిజమే. అయితే ఒక్క టోర్నమెంటులోనే 64 జట్లు తలపడే రోజులు వచ్చాక కూడా ఆ జట్టు గెలిచింది కాబట్టి, ముందుగా మొదలుపెట్టిన లాభం ఒక్కటే ఈ చరిత్రను వివరించలేదు.

అసలు వివరణ సాధన మైదానంలో దొరుకుతుంది. అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ జట్టును నడిపిన డీన్ స్మిత్ తన సాధనలో ప్రతి చిన్న పనికీ లెక్క కట్టించడం గమనించిన డోరన్స్, ఆ పద్ధతిని ఫుట్‌బాల్‌కు మలిచారు. ఇద్దరమ్మాయిలు, ఒక బంతి, ఎదురెదురుగా రెండు చిన్న గోల్స్. కొద్ది నిమిషాల పాటు ఒకరిని దాటి ఒకరు గోల్ కొట్టడానికి పెనుగులాడతారు, సహాయకులు గీత పక్కన నిలబడి ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఓడించారో రాసుకుంటారు, తరువాత ప్రత్యర్థి మారుతుంది. పరుగులు, తలతో బంతిని కొట్టడం, గోల్‌పై గురి, చిన్న చిన్న బృందాల ఆటలు అన్నిటికీ ఇలాగే అంకెలు పడతాయి. వాటిని కూడి, మొదటి స్థానం నుంచి చివరి స్థానం దాకా పేర్లు వరుసపెట్టి అందరూ చూసేలా పట్టిక అంటిస్తారు. ఈ విధానానికి కాంపిటిటివ్ కాల్డ్రన్ అన్న పేరు స్థిరపడింది. పోటీ వేడిలో మనిషిని కాచే పాత్ర అని దాని భావం.

ఈ పట్టికలో కఠినత్వం ఉంది, కాని అంతకుమించి న్యాయం ఉంది. తనను ఎందుకు ఆడించడం లేదో తెలియక, కోచ్‌కు తనంటే గిట్టదేమోనని కుమిలిపోయే పరిస్థితి ఏ జట్టులోనైనా ఉండేదే. ఇక్కడ సమాధానం గోడమీద ఉంది, దాన్ని మార్చుకునే అవకాశం మరునాటి సాధనలో ఉంది. స్నేహితురాలిని అందరి ముందూ ఓడించడం మంచి పిల్ల లక్షణం కాదని చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన అమ్మాయిలకు, గెలవాలన్న కోరిక తప్పు కాదని ఆ పట్టిక ఒక సంస్థాగత అనుమతి ఇచ్చింది. 1983లో చేరిన ఏప్రిల్ హైన్‌రిక్స్ సాధనలో ఎవరినీ ఉపేక్షించేది కాదని తోటివారు ఫిర్యాదు చేస్తే, ఆమెను తగ్గమనడానికి డోరన్స్ నిరాకరించి, మిగతావారు ఆమెలా కావాలనే కోరుకున్నారు. ఆ హైన్‌రిక్స్ నాయకత్వంలోనే, డోరన్స్ శిక్షణలోనే, 1991లో చైనాలో జరిగిన తొలి మహిళా ప్రపంచ కప్ ఫైనల్లో అమెరికా నార్వేను 2-1 తేడాతో ఓడించింది. మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ వంటి చాపెల్ హిల్ విద్యార్థినులు ఆ జట్టులో ఉన్నారు.

ఆటతీరులోనూ ఇదే స్వభావం కనిపిస్తుంది. వెనుక ముగ్గురు, నడుమ నలుగురు, ముందు ముగ్గురు నిలిచే అమరికతో ప్రత్యర్థి జట్టును దాని సగంలోనే ఉక్కిరిబిక్కిరి చేయడం ఆ జట్టు ఆనవాయితీ. వృత్తి ఫుట్‌బాల్‌తో పోలిస్తే కళాశాల నిబంధనలు ఆటగాళ్లను మార్చుకోవడానికి చాలా వెసులుబాటు ఇస్తాయి కాబట్టి, అలసిన వారి స్థానంలో తాజా వరుసను దించి ఒత్తిడి తగ్గకుండా చూసేవారు.

అంకెలతోనే జట్టు నిలిచి ఉంటే డోరన్స్ గురించి ఇంత ఆలోచించనక్కరలేదు. పురుషులను గదమాయించి నడిపించినట్టు మహిళలను నడిపించలేమని, వారు ముందు కోచ్‌ను మనిషిగా నమ్మాలని ఆయన చెబుతూ వచ్చారు. స్త్రీలందరినీ ఒకే గాటన కట్టే ఆ మాటతో ఏకీభవించనవసరం లేదు గాని, దాని నుంచి ఆయన ఏర్పరచిన అలవాట్లు మాత్రం విలువైనవి. ప్రతి క్రీడాకారిణితోనూ విడిగా కూర్చుని, ఆమె తనకు తాను వేసుకున్న అంచనాను ముందు విని, తరువాతే తన అంచనా చెప్పేవారు. సణుగుడు కూడదన్నది మొదలుకొని జట్టు పాటించవలసిన విలువలను, ఒక్కోదానికీ జతచేసిన ఒక్కో రచయిత వాక్యంతో సహా కంఠస్థం చేయించేవారు. ఆ విలువల్లో ఎవరు ఎంతవరకు నిలిచారో సహచరులే ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. ఒక ఉదయం కారులో పనికి వెళ్తూ, ఎవరూ చూడని చోట ఒంటరిగా పరుగులు తీసి, వంగి, చెమటతో రొప్పుతున్న మియా హామ్‌ను గమనించి, ఛాంపియన్ అంటే ఆ దృశ్యమేనన్న అర్థం వచ్చేలా ఆమెకు చిన్న చీటీ రాసి పంపారు. ఏ పట్టికకూ అందని దాన్ని కోచ్ కన్ను పట్టుకోవడం అంటే ఇదే.

అయితే ఆ కన్ను ఎక్కడ ఆగాలన్నది ఈ వృత్తిలో అన్నిటికన్నా బరువైన విషయం. 1998లో ఇద్దరు మాజీ క్రీడాకారిణులు ఆయనపైనా విశ్వవిద్యాలయంపైనా దావా వేశారు. జట్టులోని అమ్మాయిల లైంగిక జీవితం గురించి ఆయన ప్రశ్నలు, వ్యాఖ్యలు చేసేవారన్నది వారి అభియోగం. వేధింపు ఆరోపణను ఆయన ఖండించారు. ఒక కేసు 2004లో రాజీ అయింది. రెండోది విచారణకు వెళ్లవలసిందేనని 2007లో అప్పీళ్ల న్యాయస్థానం తేల్చాక, 2008లో విశ్వవిద్యాలయం 3,85,000 డాలర్లు చెల్లించడానికి అంగీకరించడంతో ముగిసింది. అటువంటి సంభాషణల్లో పాలుపంచుకోవడం తగదని ఒప్పుకుంటూ డోరన్స్ లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పారు. జట్టులో చోటు, ఉపకార వేతనం, జాతీయ జట్టుకు దారి ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు, అతని ఎదుట ఒక అమ్మాయి నవ్వినా మౌనంగా ఉన్నా అది ఆమె సమ్మతి అనుకోవడానికి వీల్లేదు. ఆమె మనసు తెలుసుకోవడం కోచ్ పనిలో భాగం, ఆమె ఆంతరంగిక జీవితం మాత్రం కాదు. ఈ గీతను కోచ్ విచక్షణకే వదిలేయకుండా సంస్థే గీయాలి. గెలుపుల లెక్క ఎంత పెద్దదైనా ఆ బాధ్యతను తగ్గించదు.

మహిళల జట్టుతో 900కు పైగా విజయాలు నమోదు చేసిన డోరన్స్ 2024 ఆగస్టులో, సీజన్ మొదలయ్యే ముంగిట, హఠాత్తుగా విరమించారు. సహాయకుడిగా ఉన్న డేమన్ నహస్ తాత్కాలికంగా బాధ్యత తీసుకుని, అదే డిసెంబరులో చాపెల్ హిల్‌కు దగ్గరలోని కేరీ పట్టణంలో వేక్ ఫారెస్ట్‌ను 1-0తో ఓడించి జట్టుకు 22వ ఎన్‌సీఏఏ టైటిల్ అందించారు. కేరీ, దాని పొరుగున ఉన్న మోరిస్‌విల్ తెలుగు కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడిన ఊళ్లు కాబట్టి, ఈ చరిత్ర వారి పిల్లలకు ఇంటి పక్కనే ఉంది. ఈలోగా నియమాలు మారుతున్నాయి. కళాశాలలే క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించడానికి 2025లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో పాటు ఒక్కో జట్టులో ఉండదగిన సంఖ్యకూ హద్దు వచ్చింది. మహిళా ఫుట్‌బాల్‌కు అది 28. ఉపకార వేతనం లేకపోయినా జట్టులో చేరి, పట్టిక అడుగు నుంచి పైకి ఎగబాకే అమ్మాయిలకు చోటిచ్చిన పెద్ద జట్లను ఇకపై కోచ్‌లు నిలుపుకోవడం కష్టం.