బీచ్ రోడ్డు ఫొటోగ్రాఫర్లు
విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే మెడలో కెమెరా వేసుకుని నడిచేవాళ్లంటే నాకు ఎంతో ఇష్టం. అది వాళ్ల ఉద్యోగం కాదు, ఆ ఫొటోలు అమ్ముకునేవీ కావు. అయినా వెలుగు కోసం ఎంత ఓపిక! సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ రోడ్డు మీంచి నల్లటి ఆకారంలా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తే ఆకాశంలో నారింజ రంగు నిలుస్తుంది. లేదంటే తెల్లగా పాలిపోతుంది, అలా పోయిన రంగును తర్వాత ఎంత దిద్దినా రాబట్టలేం. ఫిల్ము రోజుల్లో రీలుకు 36 ఫొటోలే. ఇప్పుడు అక్కడికక్కడే చూసుకుని, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తీయొచ్చు. రోజూ అదే దారిలో తిరిగేవాళ్లకే మంచి ఫొటోలు దొరుకుతాయని నా నమ్మకం. వాళ్లను చూసి వల విప్పే జాలరి సర్దుకుని కూర్చోడు, తన పని తాను చేసుకుపోతాడు.