ఇక్కడ ఆగి చూడవలెను

రాజులు యుద్ధాలు చేస్తారు, కోటలు కడతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కనక ఈ మూడూ తేదీలతో సహా బట్టీ పట్టాను. కానీ ఓ మహారాజు తీరిగ్గా కూర్చుని, తన తోటకి వచ్చినవాళ్ళు ఎటునుంచి ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో, ఆగి ఏం చూడాలో స్వయంగా రాసిపెట్టాడని మా లెక్చరర్లు ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు.

ఆయన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ. తోట వెర్సాయ్‌లోది. పుస్తకం అనడం పెద్దమాట, పాతిక అంశాల చిన్న రాతప్రతి. 1689లో మొదలుపెట్టి 1705 దాకా తిరగరాస్తూనే ఉన్నాడు. మొత్తం ఆరు పాఠాలున్నాయి. ఆరుసార్లు! నా నవల రెండోసారి రాయమని సంపాదకులు అడిగితేనే నాకు మూడు రోజులు అన్నం సయించదు.

దాని ఇంగ్లీషు అనువాదం చేతపట్టుకుని పోయినేడాది వెర్సాయ్ వెళ్ళాను. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు నాకు తోడొచ్చింది. తోడంటే పేరుకే. అది మారథాన్‌కి తయారవుతోంది, ఆదివారం వస్తే రాజుగారి పార్కులో దాని పరుగు. “నువ్వు రాజుగారితో నడువు పిన్నీ, నేను కాలవ చుట్టూ రెండు చుట్లు కొట్టొస్తా” అని రాణీద్వారం వైపు మాయమైపోయింది. ఒక చుట్టు సుమారు 5.5 కిలోమీటర్లు. నాకు వినడానికే ఆయాసం వచ్చింది.

సరే, రాజుగారితోనే బయల్దేరాను. కోటలోంచి బయటికి రావాలి, మెట్ల పైన ఆగాలి, చూడాలి. ఆగాను. చూశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకి కథ నడపడం తెలుసు. మెట్లమీంచి చూస్తే పెద్ద కాలవ ఇదిగో ఇక్కడే ఉన్నట్టుంటుంది. దిగి నడుస్తుంటే మన దగ్గర అప్పు తీసుకున్నవాడిలా వెనక్కి వెనక్కి పోతుంది. ఆ కాలవ పొడవు 1,670 మీటర్లు. దూరం కంటికి దగ్గరగా కనిపించేట్టు తోట గీసిన శిల్పి ఆంద్రే ల నోత్ర్. ఆయన దాచిపెట్టినదాన్ని ఏ క్షణాన బయటపెట్టాలో రాజు రాశాడు. ఇద్దరూ కలిసి నవల రాస్తే మేమంతా కలాలు మూసుకోవలసిందే.

అయితే నాలుగు పేజీలు తిరిగేసరికి నాకు విసుగు పుట్టింది. ఇక్కడ ఆగండి, ఎడమకి తిరగండి, ఆ ఫౌంటెన్ చూడండి. చూడండి అంటాడే గాని, చూస్తే మనకేమవుతుందో ఒక్క ముక్క ఉండదు. అన్నిటికన్నా వెలితి ఏమిటంటే, ఇంత తోటలో ఒక్క మనిషి లేడు. చెట్లు కత్తిరించేవాడు లేడు, చీపురు పట్టినవాడు లేడు, నీళ్ళు వదిలేవాడు లేడు.

నీళ్ళు వదిలేవాళ్ళది అసలైన కథ. రాజు తలుచుకుంటే దెబ్బలకి కొదవా అంటాం. వెర్సాయ్‌లో రాజు తలుచుకున్నా నీళ్ళకి కొదవే! ఫౌంటెన్లన్నిటినీ ఒకేసారి ఆడించేటన్ని నీళ్ళు లేవు. అందుకని రాజు వస్తున్నాడనగానే ఒకడు ఈల వేసేవాడు, అక్కడి కవాటం తిప్పేవారు. రాజు దాటిపోగానే అది కట్టేసి తరవాతిది వదిలేవారు. సేన్ నది నీళ్ళు పైకి తోడడానికి మార్లీ దగ్గర 14 చక్రాల యంత్రం పెట్టారు, 1684 నాటికి అది పనిలోకి వచ్చింది. చాల్లేదు. యూర్ నదిని మళ్ళిద్దామని 1685లో వేలమంది సైనికులని తవ్వకాలకి దించారు. జ్వరాలతో ఎందరో పోయారు. 1688లో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. ఆ నీళ్ళు వెర్సాయ్ చేరనేలేదు. ఇదంతా తెలిశాక ‘ఇక్కడ ఆగి చూడవలెను’ అన్న ఆజ్ఞ నాకు వేరేగా వినిపించింది. ఆగమన్నది అతిథి కోసమేనా, అవతల కవాటం దగ్గర పరుగులు పెట్టేవాడికి వ్యవధి కోసం కూడానా అని నా అనుమానం.

ఇంకో సంగతి. వయసు మీరాక గౌటు జబ్బుతో రాజుగారు చక్రాల కుర్చీలో కూర్చుని తోటలో తిరిగేవారు. నడవమన్నది మనల్ని!

అపోలో కొలను దగ్గర మా అమ్మాయి కలిసింది. చెమటలు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. “మధ్యలో ఎక్కడా ఆగలేదుటే?” అన్నాను.

“ఆగితే కాళ్ళు పట్టేస్తాయి పిన్నీ.”

“మరి ఏం చూసినట్టు?”

ఎక్కడ కంకర జారుతుందో, ఎక్కడ గాలి ఎదురుకొడుతుందో, అవతలి కొసనుంచి వెనక్కి తిరిగితే కోట ఎంత అగ్గిపెట్టెలా కనిపిస్తుందో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. రాజుగారు నన్ను ఆ కొసకి పంపనేలేదు. చెప్పొద్దూ, కాస్త అసూయ వేసింది. ఆ ఉక్రోషంతో పుస్తకం విప్పి రాజుగారి ఆజ్ఞలు నాలుగు చదివి వినిపించాను. అది పకపకా నవ్వి, “నీ నవలల్లోనూ అంతే కదా! హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడిందంటే మమ్మల్నీ నిలబెట్టేస్తావు. ఇక్కడ ఏడవండి, ఇక్కడ నిట్టూర్చండి అని. నేను ఆ పేజీలు తిప్పేస్తాను” అంది.

ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. విమర్శకులు నన్ను చాలా అన్నారు గాని, ఇంత చిన్న మాటతో ఇంత లోతుగా ఎవరూ పొడవలేదు.

కాసేపు మాట్లాడలేదు నేను. అదే మాట మార్చింది. 2024 ఒలింపిక్ మారథాన్ పారిస్ నుంచి ఈ వెర్సాయ్‌కి వచ్చి తిరిగి వెళ్ళింది కదా, ఆడవాళ్ళ పరుగు ఆగస్టు 11న, పోటీల ఆఖరిరోజున జరిగింది. నెదర్లాండ్స్ అమ్మాయి సిఫాన్ హసన్ గెలిచింది. ఆ దారి ఎందుకు ఎంచారంటే, 1789 అక్టోబరు 5న పారిస్ అంగళ్ళ ఆడవాళ్ళు రొట్టె కోసం వానలో తడుస్తూ ఆ ఊరినుంచి ఈ ఊరికి నడిచొచ్చారు. మర్నాడు పదహారో లూయీని కుటుంబంతో సహా పారిస్‌కి తీసుకుపోయారు. తోట చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు. ఎక్కడ ఆగాలో వాళ్ళకెవరూ రాసివ్వలేదు.

అయినా రాజుగారి పక్షాన ఒక్కమాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. అపోలో దగ్గర ఆగి, వచ్చిన దారినీ కోటనీ మళ్ళీ ఓసారి చూసుకోమంటాడు. ఎంత బాగా రాసినవాడికైనా ఆ మాట రాయాలని తట్టదు.

“అపోలో ఎటు వెళ్తున్నాడో చెప్పు” అన్నాను మా అమ్మాయితో. గుర్రాల రథంమీద నీళ్ళలోంచి లేస్తున్న సూర్యుడు. తూర్పున ఉన్న కోటకేసి, అంటే పడమటినుంచి వస్తున్నాడు! రాజుగారి ఇంటికి సూర్యుడు కూడా ఎదురు నడవాలి కాబోలు.

అది తెల్లబోయింది. “ఏడాదిగా ఆయన వీపే చూస్తున్నాను పిన్నీ. కాలవ వైపునుంచే వస్తాను కదా!”

చెయ్యిపట్టుకుని ఎదటివైపుకి తీసుకెళ్ళాను. నిలబడి చూసింది. నిమిషం తరవాత చేతిగడియారంకేసి చూసింది, అనుకోండి.

ఇంటికొచ్చాక, రాస్తున్న నవల బయటికి తీశాను. నాయిక కిటికీ దగ్గర మూడు పేజీలపాటు నిలబడి ఉంది. రెండు పేజీలు కొట్టేశాను. మూడోది ఉంచాను. తిప్పేస్తే తిప్పేసుకోనీ, దాని ఇష్టం.