భౌతిక స్తర భద్రత: వైనర్ షరతుపై విమర్శ
భావి వైర్‌లెస్ నెట్‌వర్కులకు భౌతిక స్తర భద్రతను ప్రతిపాదించే పరిశోధనకు ప్రధాన ఆధారం ఆరన్ వైనర్ 1975లో ప్రకటించిన వ్యాసం. కనీసం సందేశమంత పొడవైన రహస్య కీ లేనిదే సంపూర్ణ గోప్యత అసాధ్యమని షానన్ 1949లోనే నిరూపించాడు. పొంచి వినేవాడికి చేరే సంకేతం అసలు గ్రహీతకు చేరేదానికంటే ఎక్కువ రొదతో కూడినదైతే, కీ లేకుండానే దాదాపు అంతటి గోప్యత సాధ్యమని వైనర్ చూపాడు. గణితం నిర్దుష్టమే, చిక్కంతా ఆ ‘అయితే’లో ఉంది. పొంచి వినేవాడు ఏ సంకేతమూ పంపడు. ఎక్కడున్నాడో, ఎన్ని ఏంటెనాలతో వింటున్నాడో తెలిసే దారి లేదు. 1978లో చీసార్, కోర్నర్ ఆ షరతును సడలించారు గాని, అతని ఛానెల్ స్వభావం తెలియవలసిన అవసరం మాత్రం తీరలేదు. పైగా వైనర్ లెక్కగట్టింది గోప్యతా సామర్థ్యాన్ని. ‘భద్రత’ అన్న పేరు అంతకు మించిన హామీనే ఇస్తోంది: దొంగ సంకేతం పంపేవాడికీ, తరంగాలను అడ్డుకునేవాడికీ ఆయన నమూనాలో చోటే లేదు.