'సేవ' చాటున

జమీలా నిషాత్‌ని నేను చాలాకాలం కవయిత్రిగానే చదివాను. పాతబస్తీ సుల్తాన్‌షాహీలో 2002లో ఆమె మొదలుపెట్టిన షాహీన్ సంస్థ నా సిద్ధాంత గ్రంథంలో ఒక ఫుట్‌నోట్. 'సమాజసేవ కూడా చేస్తారు' అని రాసి ఊరుకున్నాను. ఆ 'కూడా' ఇప్పుడు గుచ్చుకుంటోంది.

కవిత్వాన్ని కృషి అన్నాం, సంస్థ నడపడాన్ని సేవ అన్నాం. కానీ దెబ్బలు తిని వచ్చిన స్త్రీ చెప్పేది ఓపిగ్గా వినడం, పోలీస్ స్టేషన్‌కి తోడు వెళ్లడం, కేసు కాగితాలు జాగ్రత్త చెయ్యడం, కార్యకర్తల జీతాలకి డబ్బు కూడగట్టడం... ఇవన్నీ నేర్చుకుంటే తప్ప రాని పనులు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌నీ ఇలాగే చదివాం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన ఆమెలో త్యాగమూర్తిని చూసినంతగా పాలనాదక్షురాలిని చూడలేదు. త్యాగానికి జీతం అడక్కూడదు కదా! 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకంలో అంగన్‌వాడీ స్త్రీలకిచ్చేది నేటికీ 'గౌరవ వేతనం'. ముందు గౌరవం చేరగానే వేతనం చిక్కిపోయింది.

యాకుత్‌పురా నుంచి వచ్చే నా విద్యార్థిని ఒకమ్మాయి వృద్ధాశ్రమంలో మేనేజర్‌గా చేరతానంది. 'ఎమ్మే చదివి ఆయా పనా?' అన్నారట ఇంట్లో. ఆమె పక్షాన నిలబడే వాక్యం కోసం నా గ్రంథం తిరగేశాను. ఒక్కటీ లేదు. అందుకే ఆ ఫుట్‌నోట్‌ని ఇవాళ పైకి తెచ్చి, అసలు పాఠంలో మళ్లీ రాస్తున్నాను. ఈసారి 'కూడా' లేకుండా.