బ్యాడ్జి ఎవరు చూపాలి?

మా ఆపా ఇంటికి ఆ ఆట జెద్దా నుంచే వచ్చింది. అక్కడ పనిచేసే మా భాయిజాన్ సెలవుకు వస్తూ ఖర్జూరాలు, జానిమాజ్‌లు, అత్తరు సీసాలతో పాటు మేనల్లుడికి ఒక గేమ్ బాయ్ తెచ్చాడు. అందులో పెట్టుకునే పోకెమాన్ క్యాసెట్టు కూడా తెచ్చాడు. ఆపా కొడుక్కి అప్పటికి పదకొండేళ్ళు. రెండేళ్ళు తిరక్కుండానే, 2001లో, ఆ సౌదీ నుంచే ఫత్వా వచ్చింది: పోకెమాన్ ఆటలూ కార్డులూ ముస్లిం పిల్లలకు తగవని. జెద్దా బజారులో అమ్మిన ఆటను రియాద్‌లోని మతపెద్దలు వద్దన్నారు.

ఆ వార్త పేపర్లో చూసి నాతో పనిచేసే మిత్రుడొకాయన నవ్వాడు. మంచివాడు, లౌకికవాది. "పిల్లలాడుకునే బొమ్మలతో కూడా మీ ముల్లాలకు పేచీయేనా?" అన్నాడు. 'మీ' అన్నమాట నాకు గుచ్చుకుంది. ఇంటికి వెళితే ఆపా గేమ్ బాయ్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది. "పెద్దవాళ్ళు అన్నారంటే ఏదో ఉండే ఉంటుంది" అంది. పిల్లవాడు నా కొంగు పట్టుకుని "ఖాలాజాన్, ఇది నిజంగా హరామా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నవ్విన మిత్రుడు ఆ ఆట చూడలేదు. తాళం వేసిన ఆపా చూడలేదు. నేనూ చూడలేదు. మనకు బాగా అలవాటైన పరిస్థితి ఇది. ఒక పుస్తకం మీద గొడవ జరిగితే చదవనివాళ్ళే రెండు పక్కలా నిలబడతారు.

ఆపాను అడిగి దాన్ని బీరువాలోంచి తీయించి, రెండు నెలల పాటు సాయంత్రాలు కూర్చుని ఆడాను. ఈ వ్యాసం ఆ ఆట గురించీ, దాని మీద వచ్చిన మూడు రకాల విమర్శల గురించీ.

ముందు ఆట సంగతి. పోకెమాన్ రెడ్, గ్రీన్ అనే రెండు క్యాసెట్లు 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలయ్యాయి. 1998లో రెడ్, బ్లూ పేర్లతో అమెరికాకు వెళ్ళాయి. రూపకర్త సతోషి తజిరి. ఈయన మొదట ఆటలు చేసినవాడు కాదు, ఆటల గురించి రాసినవాడు. 1983లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకముందే, చేత్తో రాసి, నకళ్ళు తీసి, పిన్నులు కొట్టి 'గేమ్ ఫ్రీక్' అనే పత్రిక నడిపాడు. ఆ పత్రిక పేరే తర్వాత ఆయన సంస్థ పేరయింది. కరపత్రాలూ బులెటిన్లూ అచ్చేసుకుని సాహిత్యంలోకి వచ్చిన మనకు ఈ దారి కొత్తది కాదు. టోక్యో శివార్లలో చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునేవాడట తజిరి. పొలాలూ చెరువులూ పోయి ఇళ్ళు లేచాక ఆ పురుగులు పోయాయి. గేమ్ బాయ్‌లో రెండు యంత్రాలను కలిపే తీగ ఒకటుంది, లింక్ కేబుల్. ఆ తీగ మీదుగా ఒక పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఆయనకు తోచింది. ఆట అక్కడ పుట్టింది.

మొత్తం నూటయాభై ఒక్క జీవులు. ఒక పిల్లవాడు ఊరూరా తిరిగి వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పోటీలకు దింపాలి. అయితే కొన్ని జీవులు ఒక క్యాసెట్‌లో ఉంటే రెండోదాంట్లో ఉండవు. ఎంత తెలివిగలవాడైనా, ఎన్ని రాత్రులు కూర్చున్నా ఒంటరిగా పూర్తి చెయ్యలేడు. రెండో క్యాసెట్ ఉన్నవాడితో తీగ కలపాలి, ఇచ్చిపుచ్చుకోవాలి. కడబ్రా అనే జీవి మరో చేతిలోకి వెళితే తప్ప అలకజామ్‌గా మారదు. మావాడికి ఆ రెండో క్యాసెట్ పక్కింటి అబ్బాయి దగ్గర దొరికింది. ఆ పిల్లవాడి అన్న అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జెద్దా గేమ్ బాయ్, అమెరికా గేమ్ బాయ్ మా గల్లీలోని ఒక అరుగు మీద తీగతో కలిశాయి.

ఇక మొదటి రకం విమర్శ. ఇది ఆటల పత్రికలు చేసేది. బొమ్మలకు ఇన్ని మార్కులు, ధ్వనికి ఇన్ని, ఆడే తీరుకు ఇన్ని. జపాన్‌లో పేరున్న ఫామిత్సు పత్రికలో నలుగురు సమీక్షకులు తలా పదికి మార్కులు వేస్తారు, మొత్తం నలభైకి లెక్క కడతారు. అమెరికాలో పిల్లలు చదివిన 'నింటెండో పవర్' పత్రికను చాలా ఏళ్ళు ఆ కంపెనీయే నడిపింది. తన సరుకు మీద తానే తీర్పు చెప్పుకోవడమన్నమాట. చేతిలో ఇమిడే యంత్రాల ఆటలకు ఈ పద్ధతిలో ఇంకో అన్యాయం జరుగుతుంది. టీవీకి తగిలించి ఆడే పెద్ద యంత్రమే కొలబద్ద. చిన్నదానికి దక్కే మెప్పు కూడా 'చేతి యంత్రం కాబట్టి ఫర్వాలేదు' అన్న ధోరణిలో ఉంటుంది. 1989లో వచ్చిన గేమ్ బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగే నాలుగు ఛాయలు. ఆ తర్వాత వచ్చిన సేగా గేమ్ గేర్‌కు రంగులున్నాయి, తెర వెనక వెలుగుంది. కాని దానికి ఆరు బ్యాటరీ సెల్లులు కావాలి, అవీ కొన్ని గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో అంతకు ఎన్నో రెట్లు నడిచేది. ఎవరికి ఏది అవసరమో బొమ్మలకు వేసే మార్కుల్లో కనబడదు. అరుగు మీద ఇద్దరు పిల్లలు తీగ కలుపుకుంటే ఏం జరుగుతుందో ఏ గడిలోనూ పట్టదు.

"మీరు తెలుగు బాగానే రాస్తారే!" అన్న మెప్పు ఈ పుస్తకంలో రాసినవాళ్ళలో చాలామంది వినే ఉంటారు. కొలబద్ద ఎవరిదో ఆ 'బాగానే' అన్నమాటలో తెలిసిపోతుంది. అందుకే ఈ మార్కుల విమర్శను నేను తేలిగ్గా వదలలేకపోతున్నాను.

రెండో రకం, ఫత్వా. దాని అభ్యంతరాలు ముఖ్యంగా మూడు: ఇందులో జూదం ఉంది, యూదు రాజ్య చిహ్నమైన ఆరు కోణాల నక్షత్రం వంటి గుర్తులున్నాయి, డార్విన్ పరిణామవాదం ఉంది.

చివరిది ముందు చూద్దాం. ఆటలో ఒక జీవి మరో రూపానికి మారడాన్ని పరిణామం అన్న మాటతోనే పిలుస్తారు, నిజమే. కాని అక్కడ జరిగేది డార్విన్ చెప్పింది కాదు. డార్విన్ చెప్పింది తరతరాల మీద జరిగే మార్పు. ఆటలో కేటర్‌పీ అనే గొంగళి తన ఒక్క జీవితంలోనే గూడు కట్టుకుని సీతాకోకచిలుక అవుతుంది. మన పెరట్లో కరివేపాకు చెట్టు మీద జరిగేదే. పురుగులు పట్టిన పిల్లవాడి జ్ఞాపకం అది. అందులో కుఫ్ర్ వెతకడం మాటను చూసి వస్తువును చూడకపోవడమే. నక్షత్రాల సంగతీ అంతే. గీతల్ని లెక్కపెట్టి కుట్రను కనిపెట్టడం విమర్శ కాదు, భయం. పాలస్తీనా బాధ నిజం. ఆ నిజమైన బాధను పిల్లల కార్డు ముక్క మీద వెతికితే బాధే పలచబడుతుంది.

కాని జూదం? ఇక్కడ నా మిత్రుడి నవ్వు ఆగాలి. ఫత్వా ముఖ్యంగా డబ్బు పెట్టి ఆడే కార్డుల గురించి మాట్లాడింది. అయితే గేమ్ బాయ్ ఆటలోనే సెలడాన్ అనే పట్టణంలో ఒక జూదశాల ఉంది. డబ్బు పెట్టి నాణేలు కొనాలి, స్లాట్ మెషీన్‌లో వేసి తిప్పాలి. పోరిగాన్ అనే జీవి కావాలంటే ఆ నాణేలతో తప్ప దొరకదు. పదేళ్ళ పిల్లవాడికి ఆ మెషీన్ ముందు కూర్చోవడం ఎలాగో ఆట నేర్పుతుంది. ఈ సిరీస్‌లోనే 2010లో బయటి దేశాలకు వెళ్ళిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటల్లో ఆ మెషీన్లు తీసేసి వేరే ఆట పెట్టారు. పిల్లల ఆటల్లో జూదం చూపడం మీద ఐరోపాలో వయసు ధ్రువపత్రాల నిబంధనలు బిగుసుకోవడం దానికి నేపథ్యం. గడ్డమున్నవాడు చెబితే ఛాందసం, సూటు వేసుకున్నవాడు చెబితే బాలల సంరక్షణ! మూడు అభ్యంతరాల్లో రెండు చెల్లవు కాబట్టి మూడోది కూడా నవ్వులాటే అనుకోవడం లౌకికవాదం కాదు. ఒకటి చెల్లింది కాబట్టి మూడూ ఒప్పుకోవాలనడం దీన్ కాదు. అమెరికాలో కొందరు క్రైస్తవ బోధకులు కూడా ఆ రోజుల్లో పోకెమాన్‌ను సైతాను పని అన్నారు. దాన్ని చూసి మొత్తం క్రైస్తవులను ఎవరూ 'మీ పాస్టర్లు' అని అడగలేదు.

మూడో రకం విమర్శ ఒక నల్లజాతి రచయిత్రి నుంచి వచ్చింది. కారల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ పిల్లల పుస్తకాలు రాస్తుంది. పోకెమాన్‌లో జింక్స్ అనే జీవి ఉంది. నల్లటి ముఖం, లావు పెదవులు, పసుపు జుట్టు. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం నుంచి తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ ఆడిన నాటకాల ముఖమే ఇది అని 2000 ప్రాంతంలో ఆమె రాసింది. గేమ్ బాయ్ నాలుగు ఛాయల తెర మీద ఆ ముఖం రంగు తెలియదు. కార్డుల మీదా టీవీలోనూ తెలిసింది. గీసిన జపాన్ వాళ్ళ ఉద్దేశం వేరే కావచ్చు. కాని ఎవరి తాతముత్తాతల్ని ఆ ముఖంతో వెక్కిరించారో వాళ్ళకు గుర్తుపట్టే హక్కుంది. తర్వాత వచ్చిన ఆటల్లో జింక్స్ ముఖాన్ని ఊదా రంగులోకి మార్చారు. మార్కుల గడుల్లో ఈ ప్రశ్నకు చోటు లేదు, ఫత్వాకు ఈ ప్రశ్న తట్టలేదు. తాను ఎక్కడ నిలబడి చూస్తోందో తెలిసిన మనిషికే తట్టింది. అస్తిత్వ విమర్శ అంటే సంకుచితత్వమని మనల్ని దెప్పేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

ఆ దారిలోనే నేను కూడా నా చోటు నుంచి ఈ ఆటను చదివాను. రెండు సంగతులు కనిపించాయి.

ఒకటి ఆడపిల్లల సంగతి. 1996 ఆటలో నాయకుడు అబ్బాయే. ఆడపిల్లను ఎంచుకునే వీలు 2000 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన క్రిస్టల్ దాకా లేదు. మా ఆపా కూతురు అన్న నిద్రపోయాక దుప్పట్లో దూరి ఆడేది. అబ్బాయి బొమ్మకు తన పేరు పెట్టుకుని ఆడేది. అది మోసమని గాని అన్యాయమని గాని ఆ పిల్లకు తోచలేదు. అలవాటైపోయింది. అదే నాకు బాధ.

రెండోది, నన్ను రెండు నెలలు కూర్చోబెట్టింది. తీగ దాటి వచ్చిన జీవి తన మొదటి యజమాని పేరునూ నంబరునూ వెంట తెచ్చుకుంటుంది. కొత్త యజమాని దాని పేరు మార్చలేడు. పేర్లు మార్చే ముసలాయన ఒకడు ఆటలో ఉన్నాడు, ఆయన దగ్గరకు తీసుకెళ్ళినా కుదరదంటాడు. పరాయి చోట అది తొందరగా ఎదుగుతుంది కూడా, అనుభవం ఒకటికి ఒకటిన్నర లెక్కన వస్తుంది. కాని ఒక మెలిక ఉంది. తగిన బ్యాడ్జి లేకపోతే, ఒక స్థాయి దాటిన పరాయి జీవి మాట వినదు. పోరాడమంటే నిద్రపోతుంది. ఇంట్లో పట్టిన జీవికి ఈ ఇబ్బంది లేదు, అది ఎప్పుడూ వింటుంది.

మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. బయటినుంచి వచ్చినవాడి విధేయత మీదే అనుమానమా? క్రికెట్ మ్యాచ్ రోజున ఎవరికి చప్పట్లు కొట్టావని అడిగే ఈ దేశంలో పెరిగినదాన్ని, ఆ అనుమానం వాసన నాకు దూరం నుంచే తెలుస్తుంది. కాని ఇంకొంచెం ఆడాక అర్థమయింది. బ్యాడ్జి సంపాదించవలసింది వచ్చిన జీవి కాదు, దాన్ని పెంచుకునేవాడు. ఊరూరా తిరిగి, గెలిచి, తన అర్హతను రుజువు చేసుకోవలసింది అతడే. వచ్చినదాన్ని పేరు మార్చుకోమనడు, మార్చలేడు. దాని నమ్మకానికి తాను తగినవాడినని చూపించుకోవాలి. తజిరి ఇదంతా ఆలోచించి పెట్టాడని నేను అనను. పెద్ద జీవిని తీగ మీద తెప్పించుకుని సులువుగా గెలవకుండా పెట్టిన నియమం కావచ్చు. కాని నియమం ఎందుకు పెట్టినా, అది చెప్పే మాట చెబుతూనే ఉంటుంది. మన దగ్గర మాత్రం తరతరాలుగా వచ్చినవాడినే బ్యాడ్జి అడుగుతున్నారు. వచ్చి ఎన్ని వందల ఏళ్ళయినా, అసలు రాకుండా ఇక్కడే పుట్టినా అడుగుతున్నారు.

పక్కింటి అబ్బాయి క్యాసెట్‌లో మావాడి పేరున్న అలకజామ్ చాలా రోజులు ఉంది. ఆ పాత క్యాసెట్లలో దాచుకున్న ఆట లోపలి చిన్న బ్యాటరీ బతికినన్నాళ్ళే ఉంటుంది. ఇప్పటికి పోయే ఉంటుంది.

రెండు నెలల తర్వాత ఆపాకు అంతా చెప్పాను. నక్షత్రాల మాట నమ్మవద్దన్నాను. సెలడాన్ జూదశాల చూపించి, ఇది మాత్రం నిజం, పిల్లవాడికి కూర్చోబెట్టి చెప్పమన్నాను. కూతురికి కూడా ఒక పూట ఆట ఇవ్వమన్నాను. ఆపా తాళం తీసింది.

"ముందే ఎవరైనా ఇట్లా చూసి చెబితే బీరువాలో ఎందుకు పెడతాను?" అంది.